అంజమ్మ జామీను

మా గల్లీలో మగవాళ్ళ గొప్ప వాళ్ళ బాకీని బట్టి ఉండేది. ఈ మాట చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి.

షోలాపూరులో కుంఠా నాకా దగ్గర మా గల్లీ. ముప్పై ఇళ్ళుంటే అన్నింటిలోనూ మగవాడు చీరలు నేసేవాడు, ఆడది బీడీలు చుట్టేది. సొంత మగ్గాలు ఎవరికీ లేవు. సావుకారు పెంటప్ప కార్ఖానాలోనో, అలాంటిదే ఇంకో కార్ఖానాలోనో కూర్చుని నేసేవాళ్ళు. పనిలో చేరేటప్పుడు సావుకారు కొంత రొక్కం ముందే చేతిలో పెట్టేవాడు. దాన్నే బాకీ అనేవాళ్ళు. అది తీరేదాకా ఆ మనిషి ఇంకో కార్ఖానా గడప తొక్కకూడదు. దానికి వడ్డీ లేదు, గడువూ లేదు. పనిమంతుడికి ఎక్కువ దొరికేది, చేతకానివాడికి తక్కువ. అందుకని పెళ్ళి మాటల్లో కూడా "మా పిల్లగానికి రెండు నూర్ల బాకీ ఉంది" అని మీసం దువ్వి మరీ చెప్పుకునేవాళ్ళు.

అంబాదాసుకు రెండు వందల ఎనభై ఉండేది. గల్లీలో అంతకు మించిన బాకీ ఇంకెవరికీ లేదు. మంచి నేతగాడే, కాదనను. తొమ్మిది గజాల చీరకు అతను తీసిన అంచు చూడటానికి పక్క కార్ఖానాల వాళ్ళు వచ్చిపోయేవాళ్ళు. కానీ నేను చెప్పబోయేది అతని గురించి కాదు. అతని భార్య అంజమ్మ గురించి.

అంజమ్మ సిరిసిల్ల పక్క పల్లె నుంచి పన్నెండేళ్ళకే కోడలిగా వచ్చింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేది. ఆమె వచ్చిన కొన్నాళ్ళకే అత్త పోయింది. పోతూ పోతూ ఆరేళ్ళ కూతురు కమలను ఈమె చేతిలో పెట్టింది. తర్వాత అంజమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టారు గానీ, మొదటి బిడ్డ ఎవరని అడిగితే కమల పేరే చెప్పేది. ఆడబిడ్డను అలా చూసుకున్న వదినెను నేను ఇంకొకరిని చూడలేదు.

కమలదీ నాదీ ఒకే ఈడు. ఇద్దరం తెలుగు బడికి కలిసే పోయేవాళ్ళం. నేను ఐదుతో ఆపేశాను. ఆ సంగతి ఇక్కడ వద్దు, తలచుకుంటే మా నాయన మీద కోపం వస్తుంది. కమల మాత్రం ఏడు దాకా చదివింది. యాభై నాలుగులో ఫైనలు పరీక్ష పాసయింది. మా గల్లీలో ఆ పరీక్ష పాసైన మొదటి ఆడపిల్ల అదే. అప్పటికి దానికి పదహారు నిండి పదిహేడు నడుస్తోంది.

ఆ పైన రెండేళ్ళ టీచరు ట్రైనింగు ఉంది. చదువుకున్నన్నాళ్ళు నెలకు పదిహేను రూపాయలు సర్కారే ఇస్తుంది, చదువు కాగానే బడిలో ఉద్యోగం. కమల రాత్రీ పగలూ అదే మాట. ఒక్కటే మెలిక. పిల్ల నడుమ మానేస్తే మూడు వందలు తిరిగి కడతానని ఎవరైనా జామీను ఉండాలి. ఫారాలు ఏటా జూన్ మొదట్లో ఒక్కసారే తీసుకుంటారు, పద్దెనిమిది దాటినవాళ్ళను చేర్చుకోరు.

జామీను ఉండటానికి అంబాదాసు ఉతికిన ధోతి కట్టుకుని, కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని ట్రైనింగు ఆఫీసుకు పోయాడు. కమల వెంట ఉంది. క్లార్కు ఫారం తీసి, ఎక్కడైనా బాకీ ఉందా అని అడిగాడు. మరాఠీలో అడిగాడు, వీళ్ళూ మరాఠీలోనే చెప్పారు. నేను మన మాటలో చెబుతున్నాను. అంబాదాసు ఛాతీ విరుచుకున్నాడు.

"ఉంది సాబ్. రెండు నూర్ల ఎనబై! మా గల్లీల గంత బాకీ ఇంకెవరికి లేదు. కావాల్నంటె సావుకారిని అడుగుండ్రి."

క్లార్కు కలం మూత పెట్టేశాడు. జామీను ఉండేవాడికి ఎక్కడా పైసా బాకీ ఉండకూడదని, పని ఇచ్చేవాడి దగ్గర నుంచి ఆ సంగతి చిట్టీ రాయించి తేవాలని చెప్పి ఫారం వెనక్కి ఇచ్చాడు. అంబాదాసుకు చాలాసేపు అర్థం కాలేదట. ఇంత నమ్మకస్తుణ్ణి కాదంటున్నాడే, ఇతనికి పిచ్చా అనుకున్నాడట.

ఆ వారమంతా గల్లీ గల్లీ తిరిగారు. బాకీ లేని మగవాడు ఒక్కడు దొరకలేదు. చివరికి సావుకారు పెంటప్పనే అడిగారు. ఆయనకూ నూలు వ్యాపారి దగ్గర వేలల్లో ఉందట! గడువు దాటిపోయింది. కమల మూడు రోజులు అన్నం ముట్టలేదు.

నాలుగో రోజు అంజమ్మ దాని ముందు రొట్టె పెట్టి కూర్చుంది. "తిను. ఇంక ఒక్క ఏడాది ఉంది గద. వచ్చే జూన్ వరకు మీ అన్న బాకీ నేను తీరుస్త."

"రెండు వందల ఎనబై వదినె..."

"నాకు లెక్క తెల్వదా? తిను ముందు."

అంబాదాసు మొదట ఒప్పుకోలేదు. వడ్డీ లేని పైసలు ఎవరైనా తిరిగి ఇస్తారా అన్నాడు. అప్పుడు అంజమ్మ అడిగిన ప్రశ్న మా గల్లీలో అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ముందటేడు ఎవరో పరాయి ఊరి నేతగాడు, ఏ బాకీ తీసుకోకుండా, పెంటప్ప దగ్గర రెండు నెలలు నేసి పోయాడు. "ఆయనకు చీరకు ఎంతిచ్చిండు? నీకెంతిస్తుండు?" అని అడిగింది. అంబాదాసు తల గోక్కున్నాడు. ఆ మనిషికి చీరకు పావలా ఎక్కువ ఇచ్చాడు.

"వారానికి మూడు చీరలు. చీరకు పావలా. సాలుకు నలబై రూపాలు నీ రెక్కల కష్టం వాడు గుంజుకుంటుండు. అది వడ్డీ కాదా? పేరు పెట్టకపోతె వడ్డీ కాకుంట పోతదా?"

అక్షరం ముక్క రాని మనిషి. చదువుకున్నవాళ్ళు కూడా బాకీ మీద మురిసిపోయే గల్లీలో, ఆ లెక్క ఆమెకే తట్టింది. నాకు ఆమె మీద గౌరవం ఆ రోజే పుట్టింది. అంతకుముందు ఆమె నోటికి భయపడేదాన్ని, అంతే.

ఇక ఆ ఇంట్లో మొదలైంది చూడండి పొదుపు! రోజుకు ఎనిమిది వందల బీడీలు చుట్టే అంజమ్మ వెయ్యికి ఎక్కింది. కమల పక్కన చాట పెట్టుకుని ఐదారు వందలు చుట్టేది. చాయ్ పొద్దున ఒక్కసారే, అది కూడా బెల్లంతో. వరి అన్నం ఆదివారానికి పోయింది, మిగతా రోజులు జొన్న రొట్టె, పల్లికాయల చట్నీ. అంబాదాసు పాన్లు నాలుగు నుంచి ఒకటికి దిగాయి, వారం వారం చూసే సినిమా అసలే పోయింది. ఇంటాయన రోజూ చీర నేస్తాడు, ఇంటామె ఒంటి మీది చీరకు మూడు అతుకులు. పండుగలకు కూడా కొత్తది కట్టలేదు. ఎవరైనా అడిగితే, "పాతది మెత్తగుంటది" అనేది.

శనివారం కార్ఖానాలో కూలి ఇచ్చే రోజు. ఆ రోజు ఆడవాళ్ళు అటువైపు పోరు. అంజమ్మ పోయింది. ఒక్కతే కాదు, కమలను వెంటబెట్టుకుని. గుమ్మంలో నిలబడి ఏడు రూపాయలు పెంటప్ప ముందు పెట్టింది.

"ఏందమ్మా, నేనేమన్న అడిగిన్నా? గింత తొందరేంది?" అన్నాడు పెంటప్ప.

"మీరడగలే సావుకారి. నేనే ఇస్తున్న. రాస్కోండ్రి."

"అంబాదాసుకు నా మీద మనసు విరిగిందా ఏంది?"

"మనసు మంచిగనే ఉంది. బాకీ తీరాలె."

పెంటప్ప బుక్కులో ఏదో గీకాడు. అంజమ్మ కదల్లేదు. "కమలా, ఏం రాసిండో చదువు" అంది. కమల మెడ చాచి, నేతగాళ్ళందరూ వినేట్టు పెద్దగా చదివింది. పెంటప్ప చెవులు ఎర్రబడ్డాయట. అలా వారానికి ఏడు రూపాయలు, నలభై వారాలు. రెండు వారాలు పిల్లల జ్వరాలతో తప్పితే, తర్వాతి వారాల్లో తొమ్మిది, పది చొప్పున కట్టి సరిచేసింది.

గల్లీ ఊరుకుంటుందా? బాకీ తగ్గుతోందంటే సావుకారికి నమ్మకం పోయిందని అర్థం. అంబాదాసు చేతులు వణుకుతున్నాయని ఒకరు, చీరలో పోగులు తప్పుతున్నాయని ఒకరు. కమలను అడిగిపోయిన సంబంధం వాళ్ళు కూడా, బాకీ దిగిపోతున్న ఇల్లని వెనక్కి తగ్గారు. అంబాదాసు తల వంచుకుని పనికి పోయి తల వంచుకుని వచ్చేవాడు. అయినా ఒక్క శనివారం కూడా ఇక చాలని అనలేదు. అతని మంచితనం ఒప్పుకోవలసింది అక్కడే.

యాభై ఐదు ఉగాదికి వారం ముందు ఆఖరి ఏడు రూపాయలు కట్టేశారు. కమల చదివింది, "బాకీ ఏమీ లేదు" అని. అంజమ్మ ఇంకోసారి చదవమంది. ఇంటికి వచ్చి మా ఇంట్లో అందరికీ పంచదార పెట్టింది. జూన్‌కు ముందు పెంటప్ప దగ్గర చిట్టీ రాయించుకుంటే పని అయిపోయినట్టే.

కానీ మధ్యలో ఉగాది ఉంది. పెంటప్ప కార్ఖానాలో ఉగాదికి కొత్త లెక్కల బుక్కుకు పూజ. నేతగాడికి ఒక పుట చొప్పున, పైన పేరు, కింద పాత బాకీ మొదటి వరుసగా ఎక్కుతుంది, దానికి పసుపు కుంకుమ పెడతారు. ఎన్నో ఏళ్ళుగా అదే తంతు. ఈసారి అంబాదాసు పుట దగ్గరకు వచ్చేసరికి పేరు కింద ఏమీ లేదు. పెంటప్ప పసుపు గిన్నె పట్టుకుని ఆగిపోయాడు.

"ఖాళీ పుటకు పసుపు ఎట్ల పెట్టాలె అంబాదాస్? లచ్చిమి లేని పుట అయితది. మగ్గానికి మంచిది కాదు. పదకొండు రూపాలు తీస్కో, శకునానికి."

తమలపాకులో పెట్టి చాచాడు. పదకొండు మంది నేతగాళ్ళు చూస్తున్నారు. పది నెలలుగా వీడికి బాకీ పోయిందని గుసగుసలాడినవాళ్ళే అందరూ. అంబాదాసు రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

ఇంటికి నవ్వుతూ వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. పది నెలల తర్వాత మొదటిసారి అంజమ్మ పోలెలు, అంటే బొబ్బట్లు, చేసి, నాకు ఒకటి పెట్టబోతోంది. "శకునం పైసలే, తీస్కో" అని ఆకు ఆమె ముందు పెట్టాడు. ఆమె చేతిలోని పోలె పళ్ళెంలోకి జారిపోయింది.

"బుక్కుల రాసిండా?"

"రాయకుంట ఎట్లిస్తడు? పదకొండు రూపాలే గద."

"పదకొండైనా పదకొండు నూర్లైనా బాకీ బాకీయే గదయ్యా!" అని ఆమె అరిచిన అరుపుకు వీధిలో పిల్లలు ఆట ఆపేశారు. తర్వాత గోడకానుకుని కూర్చుండిపోయింది. అంజమ్మ ఏడవడం నేను అప్పుడే చూశాను. అంబాదాసు మీద నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తెల్లారి ఆ పదకొండు రూపాయలు అదే ఆకులో పెట్టుకుని కార్ఖానాకు పోయింది. పెంటప్ప ముట్టుకోలేదు.

"పూజల ఎక్కిన రాత అమ్మా. దసరాకు బుక్కు మల్ల పూజకు లేస్తది. అప్పటిదాంక కొట్టొద్దు. మా నాయిన కాలం నుంచి గంతె."

"అయితె బాకీ లేదని చిట్టీ రాసియ్యుండ్రి. పైసలు ఇగో, మీ ముందలనే ఉన్నయి."

"బుక్కుల ఉన్నది లేదని ఎట్ల రాయాలె? పండుగ తెల్లారి అబద్దం రాయమంటవా?"

అందులో భక్తి ఎంతో, మంచి నేతగాడు చెయ్యి జారిపోతాడన్న భయం ఎంతో నాకు తెలియదు. రెండూ ఉండి ఉంటాయి. ఆ తర్వాత రెండు నెలలు మళ్ళీ మళ్ళీ పోయి అడిగింది. అంబాదాసు కూడా పోయి బతిమాలాడు. దసరా మాట తప్ప వేరే మాట రాలేదు. దసరా నాటికి కమలకు పద్దెనిమిది దాటిపోతాయి.

ఫారాలు ఇవ్వడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. అంజమ్మ కమలను తీసుకుని తానే ఆఫీసుకు బయలుదేరింది. దసరా దాకా గడువు ఇమ్మని కాళ్ళు పట్టుకుని అయినా అడుగుతానంది. కమలకు తోడుగా నేనూ పోయాను. ముగ్గురం ఎండలో నడిచిపోయాం.

అదే క్లార్కు. ఉగాది పూజ, తమలపాకు, దసరా అన్నీ ఓపికగా విన్నాడు. ఇవన్నీ ఫారంలో రాయడానికి చోటు లేదన్నాడు. గడువు ఇవ్వడం తన చేతిలో లేదన్నాడు. చివరకు విసుగొచ్చి, "ఇంత పెద్ద గల్లీలో, మీ ఇంట్లో, బాకీ లేని మనిషే లేరా?" అన్నాడు.

అంజమ్మకు ఒళ్ళు మండింది.

"లేకేం? నేనున్న గద! నాకెవడిచ్చిండు సాబ్ బాకీ? పిల్లగానికి జరమొచ్చి కండ్లు తేలేస్తుంటె పది రూపాలు అడగబోయిన. 'ఆడిదానికి బాకీ ఎవడిస్తడు, నీ మొగణ్ణి పంపు' అన్నడు సావుకారి. బీడీల మునీం కూడ గంతె. పుట్టిన కాడికెల్లి ఒక్కనికి ఒక్క పైస బాకీ లేను. మా గల్లీల ఆడోళ్ళం అందరం గంతె. మమ్ముల్ని ఎవడు నమ్మిండని?"

ఆమె తిట్టడానికే అంది. అందులో దారి ఉందని ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. క్లార్కు మాత్రం రాస్తున్న కాగితం మీద నుంచి తల ఎత్తాడు.

"నువ్వు పని చేస్తావా? నీ పేరు మీద?"

అంజమ్మ కొంగు ముడి విప్పి, బీడీ కార్ఖానా కార్డు బల్ల మీద పెట్టింది. పేరు, వారం వారం ఎన్ని వేలు, ఎంత కూలి, అన్నీ అందులో ఉన్నాయి. అతను ఆ కార్డు పట్టుకుని లోపలికి పోయాడు. చాలాసేపటికి పెద్ద సాహెబుతో కలిసి వచ్చాడు. ముసలాయన, లావు అద్దాలు. నిబంధనల కాగితం మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా చదివాడు, మళ్ళీ చదివాడు. వయసు వచ్చిన మనిషి కావాలి, ఊర్లో ఉండాలి, సంపాదన ఉండాలి, బాకీ ఉండకూడదు. మగవాడే కావాలని ఎక్కడా లేదు. ఎవరూ అలా రాయవలసిన అవసరం అనుకోలేదేమో!

"రేపు సాయంత్రం లోపల బీడీ కార్ఖానా నుంచి చిట్టీ తీసుకురా" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా బీడీ కార్ఖానాకు. సంగతి విని, అక్కడ లెక్కలు రాసే మునీం పడీ పడీ నవ్వాడు. "నువ్వు జామీనా?" అని మూడుసార్లు అడిగాడు. అయినా రాయక తప్పలేదు, ఆమె పేరు మీద బాకీ ఉంటే కదా! ఆమెకు మా దగ్గర ఏ బాకీ లేదు, ఎన్నడూ ఇచ్చింది లేదు అని రాసి ఇచ్చాడు. కమల అక్కడే నిలబడి చదివి వినిపించింది.

మర్నాడు సాహెబు గదిలోకి ముగ్గురినీ పిలిచారు. అంజమ్మ కుర్చీలో కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. సాహెబు చిట్టీ చూశాడు, కార్డు చూశాడు, అద్దాలు తీసి ఆమె వైపు చూశాడు. మర్యాద గల మనిషి, మెల్లగానే అడిగాడు.

"చూడమ్మా, ఇది ఆట కాదు. ఈ అమ్మాయి రేపు పెళ్ళి అనో, జబ్బు అనో నడుమ మానేసిందనుకో. మీ ఆయన్ను అడగం, ఇంకొకరిని అడగం. మూడు వందలు నువ్వే కట్టాలి. వెయ్యి బీడీలకు నీకు వచ్చేది రూపాయి పావలా. మూడు వందలంటే ఎంతో తెలుసా నీకు?"

అంజమ్మ పైకప్పు వైపు చూసింది. బొటనవేలు మిగతా వేళ్ళ గణుపుల మీద తిరిగింది. పుస్తకం లేదు, కాగితం లేదు. కమల గోళ్ళు నా చేతిలో గుచ్చుకుంటున్నాయి.

"రెండు లచ్చల నలబై వేల బీడీలు" అంది.

సాహెబు పెన్సిల్ తీసి కాగితం మీద లెక్క వేశాడు. క్లార్కు వంగి చూశాడు. సరిగ్గా అంతే వచ్చింది.

"రోజుకు వెయ్యి. ఎనిమిది నెలల పని" అంది అంజమ్మ. "పిల్ల మానేయది సాబ్. మానేస్తె చుడ్త. యాడ పెట్టాలె వేలు?"

సాహెబు ఇంకు పెట్టె మూత తీసి ఆమె ముందుకు జరిపాడు. తంబాకు గార పట్టి పచ్చబడ్డ ఆ బొటనవేలు కాగితం మీద గట్టిగా దిగింది. నాకు అక్కడికక్కడే వంగి ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది. కమల అప్పటికే మొక్కుతోంది, వెక్కుతోంది.

అంజమ్మ దాన్ని రెక్క పట్టి లేపింది. "ఏడ్సుడు ఇంటికాడ" అంది. "నీ సంతకం ఎక్కడ్నో చూస్కో ముందు."